చిరివేరు ఎరుపు: బందరు అద్దకంలో తీరభూమి, వృత్తి సమూహాలు

ఉపోద్ఘాతం

మచిలీపట్నం చరిత్ర చాలావరకు ఓడరేవు చరిత్రగానే వెలువడింది. 1605లో డచ్చివారు, 1611లో 'గ్లోబ్' ఓడపై ఆంగ్లేయులు, 1669లో ఫ్రెంచివారు ఇక్కడ వర్తకస్థావరాలు నెలకొల్పుకున్నారు. 1759లో కర్నల్ ఫోర్డ్ నాయకత్వాన ఆంగ్లేయులు కోటను ఫ్రెంచివారి నుండి వశపరచుకున్నారు. ఈ క్రమం పాఠ్యగ్రంథాలలో స్థిరపడింది. ఈ వర్తకులందరినీ ఆ తీరానికి రప్పించిన ప్రధాన సరకులలో ఒకటి రంగులద్దిన నూలు వస్త్రం. అయితే దానిని గురించి చెప్పేటప్పుడు గోల్కొండ సుల్తానుల ఆదరణ, పారశీక వర్తకుల అభిరుచి, కంపెనీల గిరాకీ అనే మూడు కారణాల వద్దనే సాధారణంగా వివరణ ఆగిపోతుంది. ఆదరించినవారి పేర్లు, కొన్నవారి పేర్లు, అమ్మినవారి పేర్లు లభిస్తాయి. చేసినవారు మాత్రం 'స్థానిక పనివారు' అనే ఒక్క మాటలో ఒదిగిపోతారు.

ఈ వ్యాసం ఆ వస్త్రాన్ని మరొక వైపు నుండి పరిశీలిస్తుంది. ఇందుకు ఆధారాలు రెండు. మొదటిది తెలుగులో నిలిచిన వృత్తిపదాల సాక్ష్యం. రెండవది అద్దకపు ప్రక్రియలోని దశల సాక్ష్యం. బందరు ఎరుపు ఏ ఒక్క పనివాని నైపుణ్యమూ కాదని, ఒక ప్రత్యేకమైన తీరభూమిని ఆశ్రయించి ఒకరి పనిపై ఒకరు ఆధారపడి జీవించిన అనేక వృత్తుల ఉమ్మడి సృష్టి అని ఈ రెండూ కలిసి నిరూపిస్తాయి. ఆ ఉమ్మడితనంలో ఒక్క ముడి వీడినప్పుడు ఏమి మిగిలింది, ఏమి పోయింది అన్న ప్రశ్న నేటి వారసత్వ చర్చకు కూడా సంబంధించినదే.

1. మాటల సాక్ష్యం

'బందరు' పారశీక పదం; రేవు అని దాని అర్థం. 'కలంకారీ' కూడా పారశీకమే. కలముతో చేసిన పని అని అర్థం. ఊరి వ్యవహారనామం, ఆ ఊరిని ప్రసిద్ధం చేసిన వస్త్రం పేరు రెండూ సముద్రం మీదుగా వచ్చిన వర్తకుల భాషకు చెందినవి కావడం కాకతాళీయం కాదు. సరకు ఎక్కడ చేతులు మారుతుందో అక్కడి భాషలో దానికి పేరు పడుతుంది. 17వ శతాబ్దిలో గోల్కొండ రాజ్యంలో పర్యటించిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, మచిలీపట్నం ప్రాంతపు చిత్రిత వస్త్రాలకు కలముతో చేసినవన్న అర్థం గల పేరు ఉన్నదని నమోదు చేశాడు. ఐరోపా భాషలలోని 'చింట్జ్', 'సిట్స్', 'చీతా' వంటి రూపాలు ఉత్తర భారత భాషల 'ఛీంట్' నుండి పుట్టినవి. తెలుగులో 'చీటి', 'చీటిగుడ్డ' అన్న మాటలు ఈ కుటుంబానికే చెందుతాయి. ఇవన్నీ సంతలోని పేర్లు.

పని జరిగే చోటి పేర్లు వేరు. బందరు ప్రాంతంలో ఈ వృత్తికి వాడుకలో ఉన్న మాట 'అద్దకం'. శ్రీకాళహస్తిలో కలముతో బొమ్మలు తీర్చే సంప్రదాయానికి 'వ్రాతపని' అని పేరు. 'కలంకారీ' అన్న ఒక్క మాట కింద నేడు కలిసిపోయిన ఈ రెండు పనుల మధ్య భేదాన్ని తెలుగు పదాలు స్పష్టంగా నిలుపుకొన్నాయి. వ్రాయడం ఒకటి, అద్దడం మరొకటి. 'అద్దు' ధాతువులో ముంచడం, తడిపి ఒత్తడం, అంటించడం అనే అర్థచ్ఛాయలు ఉన్నాయి. అచ్చును ద్రావకంలో ముంచి బట్టపై ఒత్తే చర్యకు, బట్టనే రంగునీటిలో ముంచే చర్యకు ఆ ఒక్క ధాతువే సరిపోతుంది. 'కలంకారీ' పనిముట్టును చెబుతుంది. 'అద్దకం' బట్టకూ ద్రవానికీ చేతికీ నడుమ ఉన్న సంబంధాన్ని చెబుతుంది.

మూడవ మాట 'చిరివేరు'. ఎరుపు రంగును ఇచ్చే చిన్న మొక్క వేరు ఇది. శాస్త్రీయనామం ఓల్డెన్లాండియా అంబెల్లాటా. మంజిష్ఠ కుటుంబానికే చెందినది. తమిళంలో దీనికి 'శాయవేరు' అని పేరు. ఆంగ్ల వర్తక పత్రాలలోని 'చాయ్ రూట్' దాని నుండి వచ్చింది. 1781 నుండి సామర్లకోటలో ఉండి తీరాంధ్ర వృక్షజాతిని అధ్యయనం చేసిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో ప్రచురణ ప్రారంభమైన కోరమండల్ తీర వృక్షాల గ్రంథంలో ఈ మొక్కను చిత్రంతో సహా వర్ణించి, 'చెరివెల్లో' వంటి రూపంలో దాని తెలుగు పేరును పొందుపరచాడు. అందులోని ఉత్తరపదం 'వేరు'కు బహువచనమైన 'వేళ్లు' అయి ఉండవచ్చు. తవ్వితెచ్చేవారు, కొనేవారు ఆ సరకును ఏకవచనంలో పిలవరు కదా! ఈ ఊహ సరైనదైతే, ఒక వృక్షశాస్త్ర గ్రంథపు పుటలో ఆనాటి తీరప్రాంతపు బేరసారాల భాష నిలిచి ఉన్నట్లే.

2. ఇసుక, నీరు, ఎండ

చిరివేరు ఎక్కడపడితే అక్కడ ఒకే గుణంతో పండదు. సముద్రానికి దగ్గరగా ఉండే తేలికపాటి పొడి ఇసుకనేలలు దీనికి అనుకూలం. సాగుచేసిన వేరు ఉన్నప్పటికీ, సహజంగా మొలిచిన మొక్కవేరు పొట్టిగా ఉన్నా రంగులో గట్టిదన్న అభిప్రాయాన్ని రాక్స్‌బర్గ్ నమోదు చేశాడు. అంతకు చాలా ముందే, 17వ శతాబ్ది తొలి దశకాలలో మచిలీపట్నంలో పనిచేసిన ఆంగ్ల వర్తకుడు విలియం మెథ్వోల్డ్, గోల్కొండ రాజ్యాన్ని గురించి రాసిన వృత్తాంతంలో, పేటపోలి అని వ్యవహరించిన నేటి నిజాంపట్నం ప్రాంతపు వేరు శ్రేష్ఠతను ప్రత్యేకంగా చెప్పాడు. అంటే కృష్ణా సముద్రసంగమానికి అటూ ఇటూ ఉన్న ఇసుకమేటల విలువ వర్తకులకు బాగా తెలుసు.

ఈ విలువకు కారణమేమిటి? వేరు పైపొరలో ఉండే ఎరుపు పదార్థం అలిజరిన్. అది ఒంటరిగా నూలును పట్టుకోలేదు. పటికలోని అల్యూమినియం లవణం నూలుపోగులో ముందుగా నిలిస్తేనే దానితో కలిసి రంగు గట్టిపడుతుంది. ఈ కలయికలో సున్నపు ధాతువు, అంటే కాల్షియం, కూడా పాల్గొన్నప్పుడు ఎరుపు మరింత నిగ్గుతేలుతుంది, ఉతుకుకు నిలుస్తుంది. ఐరోపా రంగుల పనివారు మంజిష్ఠ తొట్టెలో సుద్దపొడి కలపడం ఇందుకే. కృష్ణా డెల్టా తీరంలోని ఇసుకలో సముద్రపు గవ్వలు, చిప్పలు అరిగి కలిసి ఉంటాయి. ఆ నేలలో ఎదిగిన వేరు సున్నపు అంశాన్ని తనలోనే ఇముడ్చుకొంటుంది. చిత్రిత వస్త్రాల చరిత్రను 1970లో సమగ్రంగా పరిశీలించిన జాన్ ఇర్విన్, క్యాథరిన్ బ్రెట్ వంటి పండితులు ఈ తీరపు ఎరుపు ప్రత్యేకతను వేరుకూ నేలకూ ఉన్న సంబంధంలోనే వెదికారు. అద్దకంవారికి రసాయనశాస్త్ర పరిభాషతో పనిలేదు. ఏ దిబ్బ వేరు ఏ ఎరుపునిస్తుందో తెలిసి ఉండడమే వారి శాస్త్రం.

రెండవ అవసరం పారే మంచినీరు. తీరప్రాంతంలో నీటికి కొరత లేదు కానీ ఉప్పులేని నీటికి కొరత ఉంది. అద్దకంలో బట్టను పలుమార్లు జాడించాలి. నిలవనీటిలో జాడిస్తే బట్ట నుండి వదలిన పటిక తిరిగి తెల్లని భాగాలకు అంటుకొని, అచ్చుపడని చోట కూడా ఎరుపు పాకుతుంది. నీరు కదలుతూ ఉంటే వదలినది వదలినట్లే కొట్టుకుపోతుంది. కృష్ణా పాయలు, వాగులు, చెరువులు ఆధారంగా సాగిన ఈ పనికి, 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తి అయిన తరువాత కాలువనీరు కొత్త ఆధారమైంది. వరి కోసం తవ్విన కాలువ అద్దకానికీ ఆసరా కావడం డెల్టా జీవితంలోని పరస్పరతకు ఒక ఉదాహరణ.

మూడవది ఎండ. పేడనీటిలో నానబెట్టిన బట్టను ఇసుకపై, గడ్డిపై పరచి, ఆరుతున్న కొద్దీ నీళ్లు చల్లుతూ రోజుల తరబడి ఉంచితేనే అది తెల్లబడుతుంది. అందువల్ల వానాకాలం, తుపానుల కాలం ఈ వృత్తికి మందకొడి కాలం. వస్త్రాన్ని ఓడల రాకపోకల గడువులకు సిద్ధం చేయడం అంత సులభం కాకపోవడానికి గల కారణాలలో ఇది ఒకటి. 17వ శతాబ్ది చివరిలో తెలుగు తీరంలో డచ్చి కంపెనీ కొలువులో ఉన్న డేనియల్ హవార్ట్, పాలకొల్లు ప్రాంతపు అద్దకపు పని వేగాన్ని నత్తనడకతో పోల్చాడు. కంపెనీ ఉద్యోగికి ఆలస్యంగా తోచినది, ప్రక్రియ వైపు నుండి చూస్తే ఎండనూ నీటినీ అనుసరించి నడిచే పనికి సహజమైన వేగం.

3. ఒక వస్త్రం, అనేక చేతులు

ప్రక్రియను దశలవారీగా గమనిస్తే అందులోని సామాజిక నిర్మాణం బయటపడుతుంది. నూలు చాలావరకు తీరంలో పండినది కాదు. దక్కను లోపలి నల్లరేగడి నేలల ప్రత్తి బంజారాల ఎద్దుల బిడారులపై తీరానికి చేరేది. వడికినవారు, నేసినవారు వేరు. నేతగాని గంజిపెట్టిన ముడిబట్ట ముందుగా చలువకు వెళ్తుంది. పేడనీటిలో నానడం, జాడించడం, ఎండలో ఆరడం అనే ఆవృత్తితో గంజీ, సహజమైన మడ్డిరంగూ పోయి బట్ట రంగును స్వీకరించే స్థితికి వస్తుంది. ఈ పని రజకుల అనుభవజ్ఞానం మీద ఆధారపడింది.

తరువాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో బట్టను ముంచి ఆరబెడతారు. కరక్కాయ తూర్పు కనుమల అడవుల నుండి వచ్చే సరకు. అందులోని వగరు తరువాత వచ్చే లోహలవణాలను పట్టి ఉంచుతుంది. పాలలోని కొవ్వు, ఒత్తిన ద్రావకం గీతదాటి పాకకుండా ఆపుతుంది. నల్లగీతల కోసం ఇనుపముక్కలను బెల్లపునీటిలో రోజుల తరబడి పులియబెట్టి ద్రావకం తయారుచేస్తారు. ఇది కరక్కాయ వగరును తాకగానే నలుపు తేలుతుంది. ఎరుపు రావలసిన చోట మాత్రం బంక కలిపిన పటికనీటిని అద్దుతారు. అచ్చులు చెక్కేవారు ప్రత్యేక నిపుణులు. ఒకే ఆకృతికి గీతకు ఒక అచ్చు, నింపుడుకు మరొక అచ్చు అవసరమవుతాయి. టేకుచెక్కపై ఈ అచ్చులు ఒకదానితో ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా పొసగాలి.

ఇక్కడే ఈ కళలోని అతి ముఖ్యమైన లక్షణం ఉంది. పటిక నీటికి రంగు లేదు. ఎక్కడ అద్దినదీ కంటికి తెలియడం కోసం అందులో తాత్కాలికంగా ఏదో ఒక రంగు కలుపుకొంటారు. అది ఉతుకులో పోతుంది. అంటే ఎరుపుపువ్వును అద్దుతున్న వ్యక్తి ఎరుపును చూడడు. బట్ట కొన్ని రోజులు ఆరి, పారే నీటిలో జాడింపబడి, రాగిపాత్రలో చిరివేరు పొడితో కలిసి ఉడికిన తరువాతనే ఎరుపు వెలుస్తుంది. అదే పాత్రలో, అదే వేరుతో, పటిక ఉన్నచోట ఎరుపు, ఇనుము ఉన్నచోట నలుపు, రెండూ కలిసినచోట ఊదాగోధుమ ఛాయలు వస్తాయి. చలువలో లోపం, పాలలో నీళ్లు, అచ్చులో వంకర, జాడింపులో తొందర, వేరులో నాసిరకం ఏది జరిగినా అది జరిగిన చోట కనిపించదు. మరుగుతున్న పాత్ర నుండి బట్టను పైకెత్తినప్పుడు కనిపిస్తుంది. చివరి దశ వరకు తమ పని ఫలితాన్ని చూడలేని అనేకమంది, ఒకరినొకరు నమ్మి చేయవలసిన పని ఇది.

ఉడికించిన బట్టకు మళ్లీ పేడనీరు, మళ్లీ ఎండ. నేపథ్యానికి అంటిన గులాబి ఛాయ పోయి తెలుపు తిరిగి వస్తుంది. నీలం కావలసిన వస్త్రాలకు నీలం పడని భాగాలన్నీ మైనంతో కప్పి నీలిమందు తొట్టెలో ముంచుతారు. పసుపుఛాయ కరకపువ్వు, దానిమ్మతొక్క వంటి వాటి నుండి వస్తుంది. నీలంపై పసుపు పడితే ఆకుపచ్చ. ఈ పనులలో కుటుంబంలోని స్త్రీల శ్రమ పాలు పెద్దది. జాడించడం, ఆరబెట్టడం, నింపుడు రంగులు వేయడం వంటి దశలు ఇంటిపనితో పెనవేసుకొని సాగుతాయి. లెక్కల్లో చేరని శ్రమ కనుక చరిత్రలోనూ చేరలేదు.

వృత్తుల మధ్య ఈ పరస్పరత సమానత్వమని భావించరాదు. కులవృత్తుల అంతరాలు, బయానాలు ఇచ్చి పనిని ముందే కొనుక్కొన్న వర్తకుల ఆధిపత్యం, ఆ అప్పులలో చిక్కుకొన్న కుటుంబాల నిస్సహాయత ఈ వ్యవస్థలో అంతర్భాగాలు. అయినప్పటికీ ఒక సంగతి స్పష్టం. ఏ ఒక్క వృత్తికీ మొత్తం వస్త్రం తెలియదు. ఏ ఒక్క వృత్తి లేకపోయినా వస్త్రం లేదు. 'సమష్టి' అనే మాటకు ఇక్కడ ఉన్న అర్థం భావావేశం కాదు, పని నిర్మాణం.

4. రేవు, రాజ్యం, సంత

తెలుగు తీరానికి వస్త్రవ్యాపారం గోల్కొండతో మొదలుకాలేదు. కాకతి గణపతిదేవుని 1244 నాటి మోటుపల్లి అభయశాసనం సముద్రవర్తకులకు రక్షణ ప్రకటించింది. మార్కో పోలో ఆ ప్రాంతపు సన్నని వస్త్రాలను మెచ్చుకొన్నాడు. పాల్కురికి సోమనాథుడు తన కావ్యాలలో కూర్చిన వస్త్రనామాల పట్టికలు, శ్రీనాథుడు హరవిలాసంలో కృతిభర్త అవచి తిప్పయసెట్టి విదేశీవాణిజ్యాన్ని వర్ణించిన తీరు, బట్టకూ సముద్రానికీ ఉన్న అనుబంధాన్ని సాహిత్యంలో నిలిపాయి. గోల్కొండ కాలంలో మచిలీపట్నం ప్రధానరేవు కావడంతో ఆ అనుబంధం విస్తరించింది. ఔరంగజేబు శిబిరంలోని గుడారాల లోపలివైపు మచిలీపట్నపు పూలబట్టలు తొడిగి ఉండడాన్ని బెర్నియే వర్ణించాడు. గిరాకీకి తగినంత సరకు దొరకడం లేదని టావెర్నియే పేర్కొన్నాడు.

విదేశాల అభిరుచి ఆకృతులను మార్చింది. పారశీక విపణికి వెళ్లే బట్టలపై తోరణద్వారాలు, మామిడిపిందె ఆకృతులు, నిటారైన చెట్లు ప్రధానమయ్యాయి. ఐరోపాకు వెళ్లే దుప్పట్లపై పుష్పించిన జీవవృక్షం విస్తరించింది. నమూనాలు బయటి నుండి వచ్చినప్పుడు కూడా వాటిని పనివారు యథాతథంగా దించలేదు. తమ అచ్చుకు, తమ చేతికి అనువుగా మలచుకొన్నారు. ఈ మలచడంలోనే స్థానిక సృజన ఉంది. ఐరోపా రాజ్యాలు ఈ బట్టల దిగుమతిని భరించలేకపోయాయి. ఫ్రాన్సు 1686 నుండి 1759 వరకు చిత్రిత నూలువస్త్రాలను నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక శాసనంతో, 1721లో మరింత కఠినమైన శాసనంతో వాటిని అడ్డుకొంది. దూరదేశాల శాసనసభలు దిబ్బలపై వేరు తవ్వేవారి బతుకును ప్రభావితం చేసిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. ఐరోపా గిరాకీ తగ్గిన తరువాత కూడా పారశీక విపణి 19వ శతాబ్ది అంతటా బందరు అద్దకాన్ని నిలిపింది. పెద్ద ఎత్తున, తక్కువ ఖర్చుతో సరకు కావలసిన ఆ వ్యాపారంలో కలముకన్న అచ్చు ముందుకు వచ్చింది. నేడు బందరు శైలిగా గుర్తింపు పొందిన అచ్చుపని ప్రాధాన్యం ఈ కాలపు ఫలితం.

5. ఎరుపు నేలను వీడిన కాలం

19వ శతాబ్ది ఉత్తరార్ధంలో నాలుగేళ్ల వ్యవధిలో రెండు సంఘటనలు జరిగాయి. మొదటిది స్థానికం. 1864 నవంబరు 1న వచ్చిన తుపాను ఉప్పెనలో మచిలీపట్నం, పరిసర గ్రామాలు మునిగిపోయాయి. సుమారు 30,000 మంది మరణించారు. ఇసుకదిబ్బలు, మంచినీటి వనరులు, ఇళ్లు, పనిముట్లు ఒక్క రాత్రిలో సముద్రం పాలైన ఆ విపత్తుకు తీరంలోని వృత్తికుటుంబాలు వెలుపల ఉండే అవకాశం లేదు. ఏ సముద్రపు గవ్వలు ఎరుపుకు నిగ్గునిచ్చాయో ఆ సముద్రమే ఆ పనివారిని ముంచింది. అయినా అద్దకం ఆగిపోలేదు. మనుషులు మిగిలినంతవరకు, ఎవరి పని ఎవరిదో తెలిసినంతవరకు ఆ వ్యవస్థ తిరిగి కూడుకొనగలిగింది.

రెండవది సుదూరం. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మన్ అనే రసాయనశాస్త్రవేత్తలు అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. త్వరలోనే అది వ్యాపారసరకైంది. ఫ్రాన్సులో మంజిష్ఠ సాగు కొద్దికాలంలోనే కూలిపోయింది. తెలుగు తీరంలో మార్పు అంత నాటకీయంగా కనిపించలేదు. అదే అణువు, అదే ఎరుపు, అదే పటిక, అదే రాగిపాత్ర. మారినది పాత్రలో వేసే పొడి మాత్రమే. వేరును తవ్వి, ఎండబెట్టి, దంచి వాడడంకన్న డబ్బాలోని పొడి చవక, సులువు. అద్దకంవారు దానిని స్వీకరించడం సహజమే. వారిని నిందించడానికి ఏమీ లేదు.

అయితే ఉప్పెన చేయలేని పనిని ఈ నిశ్శబ్దమైన మార్పు చేసింది. ఉప్పెన ప్రాణాలను తీసింది కానీ వృత్తుల మధ్య సంబంధాన్ని తెంచలేదు. అలిజరిన్ ఎవరి ప్రాణమూ తీయకుండానే గొలుసులోని మొదటి ముడిని విప్పింది. వేరు తవ్వేవారి అవసరం తీరిపోయింది. ఏ దిబ్బ వేరు మేలైనదో, ఏ వయసు మొక్కను తవ్వాలో, ఎంతకాలం నిలవ ఉంచవచ్చో తెలిసిన జ్ఞానానికి వారసులు కరువయ్యారు. 1917లో డబ్ల్యు. ఎస్. హడవే మద్రాసు రాజధానిలోని వస్త్రచిత్రణ, అచ్చుపనులపై గ్రంథం వెలువరించే నాటికి ఈ వృత్తి కనుమరుగు కాకముందే నమోదు చేయవలసిన విషయంగా మారింది. అనంతర దశకాలలో పారశీక విపణి కూడా మూసుకుపోయింది.

6. కళ, వృత్తి: జాతీయోద్యమ కాలపు బందరు

ఇదే కాలంలో బందరు మరొక విధమైన సృజనకు కేంద్రమైంది. 1902లో కృష్ణాపత్రిక వెలువడింది. ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో అది సాహిత్య, కళా, రాజకీయ చర్చలకు వేదికగా ఎదిగింది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ప్రభృతుల కృషితో ఆంధ్ర జాతీయ కళాశాల అవతరించింది. నేత, వడ్రంగం వంటి వృత్తులకు చదువులో స్థానం కల్పించడం ఆనాటి విద్యావిధానంలో గొప్ప మార్పు. అక్కడ చిత్రలేఖనం బోధించిన ప్రమోదకుమార ఛటర్జీ శిష్యులలో అడివి బాపిరాజు ఒకరు. ఆయన తరువాత ఆ సంస్థకే ప్రధానాచార్యులయ్యారు.

ఈ ఘట్టాన్ని అద్దకపు చరిత్ర పక్కన ఉంచి చూడడం అవసరం. చిత్రకారుని పేరు చరిత్రకు ఎక్కింది. గురుశిష్య పరంపర నమోదైంది. చిత్రం 'కళ'గా గుర్తింపు పొందింది. అదే ఊరిలో శతాబ్దాలుగా పూలను, పిట్టలను, చెట్లను బట్టపై నిలిపినవారి పని 'వృత్తి'గానే మిగిలింది. ఇది ఏ సంస్థ లోపమూ కాదు. ఒక కర్త, ఒక కృతి అన్న కొలతతోనే కళను గుర్తించే ఆధునిక దృష్టికి, ఎనిమిదిమంది చేతులు పడితే గాని పూర్తికాని కృతిని ఏ పద్దులో రాయాలో తెలియలేదు. సాహిత్యచరిత్రలో జానపదగేయాలకు ఎదురైన ఇబ్బంది ఇటువంటిదే. కర్త తెలియని గేయాన్ని సాహిత్యంగా అంగీకరించడానికి తెలుగు పరిశోధన దీర్ఘకాలం శ్రమించవలసి వచ్చింది. వస్త్రం విషయంలో ఆ శ్రమ ఇంకా జరగవలసి ఉంది.

స్వాతంత్ర్యానంతరం 1952లో అఖిలభారత హస్తకళల మండలి ఏర్పడి, కమలాదేవీ చటోపాధ్యాయ నేతృత్వంలో ఇటువంటి వృత్తుల పునరుద్ధరణ కృషి సాగింది. సహజవర్ణాలపై ఆసక్తి పెరిగిన కొద్దీ బందరు అద్దకానికి మళ్లీ గిరాకీ వచ్చింది. బందరుకు సమీపంలోని చేనేత పట్టణమైన పెడన దానికి నేటి ప్రధానకేంద్రం. నేసేవారు, అచ్చులు చెక్కేవారు, అద్దేవారు అక్కడ చేరువలోనే ఉన్నారు. అంటే పాత గొలుసులో చాలా ముడులు ఇంకా నిలిచే ఉన్నాయి. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించింది. మరొకవైపు, అవే ఆకృతులను రసాయన రంగులతో, తెరముద్రణతో చవకగా ఒత్తి అదే పేరుతో అమ్మే పోటీ ఈ పనివారిని వేధిస్తూనే ఉంది.

ముగింపు

భౌగోళిక గుర్తింపు అంటే ఒక వస్తువు గుణం ఒక భూమికి చెందినదని చట్టం అంగీకరించడం. బందరు వస్త్రం విషయంలో ఆ బంధానికి మూలం చిరివేరు. నేటి ఎరుపు ఎక్కువగా అలిజరిన్ పొడి నుండి వస్తున్నది కాబట్టి, గుర్తింపు దక్కేనాటికే భూమికీ రంగుకూ ఉన్న ప్రత్యక్షసంబంధం సడలిపోయింది. మిగిలినది నీరు, ఎండ, పాలు, కరక్కాయ, అచ్చు, వాటిని తెలిసిన చేతులు. ఇవి తక్కువేమీ కావు. ఎరుపు ఎక్కడ పుట్టినా దానిని బట్టపై నిలిపే నైపుణ్యం ఆ తీరంలోనే ఉంది. అయితే ఒక్క ముడి జారితే మొత్తం గొలుసుకు ఏమవుతుందో చిరివేరు చరిత్ర హెచ్చరిస్తున్నది. కాలువనీరు కలుషితమైతే జాడింపు పోతుంది. టేకు అందకపోతే, అచ్చులు చెక్కే కుటుంబం మరొక పనికి మళ్లితే ఆకృతి పోతుంది. ఆకృతుల పేటెంట్లు, విక్రయమేళాలు మాత్రమే ఆ లోటును పూడ్చలేవు. రక్షింపవలసినది వస్తువును కాదు, వృత్తుల మధ్య సంబంధాన్ని.

తెలుగు శాఖల బాధ్యత ఇక్కడే మొదలవుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి నిర్దేశకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటి 1962లో వ్యవసాయంపైన, రెండవ సంపుటి 1971లో చేనేతపైన వెలువడ్డాయి. వృత్తిపదాలను పల్లెపల్లెకూ వెళ్లి సేకరించే పద్ధతికి అవి మార్గదర్శకాలు. అదే పద్ధతిలో అద్దకంలోని ప్రతి దశకూ, ప్రతి పనిముట్టుకూ, రంగులోని ప్రతి ఛాయకూ, ప్రతి లోపానికీ పనివారు వాడే మాటలను వారి నోటనే విని నమోదు చేయాలి. లోపాల పేర్లు మరింత ముఖ్యమైనవి. ఏ తప్పు ఏ దశలో జరిగిందో వేరుచేసి చెప్పే మాటలలోనే ఒక వృత్తి మరొక వృత్తిని ఎలా చూసిందో తెలుస్తుంది.

'చిరివేరు' నేడు నిఘంటువులో ఒక ఆరోపం. మొక్క తీరపు ఇసుకలో ఇప్పటికీ మొలుస్తుంది. దానిని చూసి పేరుపెట్టి పిలిచే అవసరం తగ్గిపోయింది. మాట మిగిలి పని పోయిన స్థితి అది. అద్దకంలోని తక్కిన మాటల విషయంలో పని ఇంకా మిగిలే ఉంది. వాటిని పని జరుగుతున్న చోటనే అందుకోగల అవకాశం ఈ తరానికి ఉంది.